సైరన్ లేని నైట్ షిఫ్టు

మా గోదావరిఖనిలో ఎవరింటికైనా పోవాలంటే ముందుగా ఒక మాట అడుగుతారు: "అన్న ఏ షిఫ్టు?" ఆ సంగతి తెలుసుకోకుండా పట్టపగలు తలుపు బాదడం ఇక్కడ మర్యాద కాదు. రాత్రంతా బాయిలో పనిచేసి వచ్చిన మనిషి పగలు పదకొండింటికి గాఢ నిద్రలో ఉంటాడు. పెళ్లి పత్రిక ఇవ్వడానికి వచ్చిన బంధువులు కూడా గుమ్మం దగ్గరే గొంతు తగ్గిస్తారు. కూరగాయల బండి అతను సైతం కొన్ని క్వార్టర్ల ముందు కేక వేయడు.

ఇప్పుడు ఇవే కాలనీల్లో ఇంకో రకం షిఫ్టు నడుస్తోంది. బాయికి పోయేది లేదు, టోపీ లైటు లేదు. మూల గదిలో బల్ల, దాని మీద ల్యాప్‌టాప్, చెవులకు హెడ్‌ఫోన్స్. మనకు చీకటి పడే వేళ అమెరికాలో తెల్లవారుతుంది, అప్పుడు వాళ్ల పని మొదలవుతుంది. కొడుకులూ చేస్తున్నారు, కూతుళ్లూ కోడళ్లూ చేస్తున్నారు. కానీ "చెల్లె ఏ షిఫ్టు?" అని అడిగేవాళ్లు మాత్రం కనిపించరు. బాయికి పోయే మగమనిషి నిద్రకు ఊరంతా ఇచ్చే గౌరవం, ఇంట్లో కూర్చొని రాత్రంతా పనిచేసిన ఆడపిల్ల నిద్రకు ఎందుకు దొరకడం లేదు?

ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. గడియారం మన ఊళ్లకు ఎవరి కోసం వచ్చిందో, దానికి తగ్గట్టు ఇళ్లను నడిపింది ఎవరో చూడాలి.

గడియారాలు రాకముందు మనకు కాలం లెక్క లేదని కాదు. రోజుకు అరవై గడియలు, ఒక్కో గడియకు ఇరవై నాలుగు నిమిషాలు. మూడు గంటలైతే ఒక జాము, అలా రోజుకు ఎనిమిది జాములు. పంచాంగంలో ఈ లెక్క ఇప్పటికీ ఉంది. మామూలు జనానికి ఆ లెక్క కూడా అవసరం పడలేదు. కోడికూత వేళ, పొద్దుగాల, బారెడు పొద్దెక్కినాక, మాపటీలి, నడిజామున. ఈ మాటలతోనే నాట్లు పడ్డాయి, పెళ్లిళ్లు జరిగాయి. ఆ పద్ధతిలో ఏ ఊరి పొద్దు ఆ ఊరిదే. కాకినాడలో సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు మన దగ్గర ఇంకా రావడానికి పది పన్నెండు నిమిషాలు ఉంటుంది. దాని వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. కాకినాడలో భోజనం ఎప్పుడైతే మనకేం?

ఇబ్బంది రైలుతో వచ్చింది. రైలుకు ఊరికో టైం పనికిరాదు, దారి పొడవునా ఒకటే టైం కావాలి. ఆ టైం మద్రాసు నుంచి వచ్చింది. ఈస్టిండియా కంపెనీ మద్రాసులో 1792లో ఒక అబ్జర్వేటరీ కట్టించింది. నక్షత్రాలను చూసి కచ్చితమైన టైం కట్టే చోటు అది. కట్టించిన ఇంజనీరు మైకేల్ టాపింగ్. అక్కడ నిలబెట్టిన నల్లరాతి స్తంభం మీద తమిళంతో పాటు మన తెలుగులోనూ శాసనం చెక్కించారు. 1870ల నుంచి దేశంలోని రైళ్లకు మద్రాసు టైమే ఆధారమైంది. లండన్ దగ్గరి గ్రీనిచ్ కంటే అది 5 గంటల 21 నిమిషాలు ముందు. కలకత్తా టైం వేరు, బొంబాయి టైం వేరు. కాబట్టి ఒకే దేశంలో రైలు గడియారం ఒకటి చెబితే ఊరి గడియారం ఇంకొకటి చెప్పేది.

మన బొగ్గు కథ మొదలైంది సరిగ్గా ఆ రోజుల్లోనే. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. దగ్గరలోని సింగరేణి అనే ఊరి పేరే తర్వాత కంపెనీ పేరైంది. 1886లో ఇంగ్లండులో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ పుట్టి, నిజాం రాజ్యంలో గనులు తవ్వే హక్కులు తీసుకుంది. 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైంది. డోర్నకల్ నుంచి అక్కడికి రైలు వేశారు. అప్పటికే, 1870 నుంచి, లండన్‌కూ బొంబాయికీ మధ్య సముద్రం అడుగున వేసిన తంతి తీగలు పనిచేస్తున్నాయి.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. లండన్‌లో దొరలు పొద్దున పదింటికి ఆఫీసులో కుర్చీ లాక్కొని కూర్చునేసరికి ఇక్కడ రైలు గడియారంలో మధ్యాహ్నం మూడు దాటి ఇరవై ఒక్క నిమిషాలు. వాళ్లు పొద్దున్నే ఆలోచించి తంతి కొడితే, ఇక్కడ పొద్దుగూకే వేళకు గానీ చేతికి రాదు. పెట్టుబడి పెట్టిన దొర ఒక పొద్దులో, తట్ట మోసే కూలీ ఇంకో పొద్దులో. ఇప్పుడు మన పిల్లలు "క్లయింటు ఇంకా నిద్ర లేవలేదు" అని ఎదురుచూస్తుంటే మనకు వింతగా ఉంటుంది. నిజానికి ఈ బొగ్గుబెల్టు పుట్టిందే వేరే దేశపు గడియారం కింద.

1906 జనవరి 1 నుంచి దేశమంతటికీ ఒకే టైం పెట్టారు. గ్రీనిచ్ కంటే ఐదున్నర గంటలు ముందు ఉండే ఇండియన్ స్టాండర్డ్ టైం. 82½ డిగ్రీల రేఖాంశం దీనికి లెక్క. ఆ గీత పైన మీర్జాపూర్ దగ్గర నుంచి, కింద మన కాకినాడకు దగ్గరగా పోతుంది. రామగుండం ఆ గీతకు పడమర వైపు మూడు డిగ్రీల దూరంలో ఉంది. ఒక డిగ్రీకి నాలుగు నిమిషాలు. అంటే మన చేతి గడియారం మన సూర్యుడి కంటే సుమారు పన్నెండు నిమిషాలు ముందు నడుస్తుంది. అంతా ఒప్పుకొన్న టైం కాబట్టి మనకు తెలియడం లేదు.

అందరూ వెంటనే ఒప్పుకొన్నారని కూడా అనుకోకండి. కలకత్తా 1948 వరకు తన టైం వదల్లేదు, బొంబాయి 1955 వరకు. బొంబాయి సొంత టైం కొత్త టైం కంటే 39 నిమిషాలు వెనక. మిల్లు యజమాని కొత్త టైం పెడితే కార్మికుడు సూర్యుడి లెక్కన 39 నిమిషాలు ముందే లేచి పోవాలి. అందుకే 1906 జనవరిలోనే జేకబ్ ససూన్ మిల్లు కార్మికులు ఎదురుతిరిగారు. మన కరీంనగర్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి బతుకుదెరువుకు బొంబాయి మిల్లులకు పోయిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కాబట్టి ఈ సంగతి మనకు మరీ దూరపుదేం కాదు. నాకు ఇందులో ఇంకోటి కనిపిస్తుంది. మగవాడు 39 నిమిషాలు ముందు మిల్లుకు పోవాలంటే, అతనికి రొట్టె కట్టివ్వాల్సిన ఆడమనిషి ఇంకా ముందు లేవాలి. గొడవ మిల్లు గేటు దగ్గర జరిగింది కాబట్టి చరిత్రకెక్కింది. పొయ్యి దగ్గర జరిగింది ఎవరూ రాసుకోలేదు.

ఇక మన షిఫ్టుల సంగతి. సింగరేణి కాలరీస్ కంపెనీ పేరు 1920 డిసెంబరు 23న వచ్చింది. ఆ తేదీనే ఇప్పటికీ సింగరేణి డే చేసుకుంటాం. 1945లో నిజాం సర్కారు కంపెనీలో ఎక్కువ వాటాలు కొన్నది. ఇల్లెందు నుంచి బెల్లంపల్లికి, కొత్తగూడేనికి, 1960ల నాటికి మన గోదావరి ఒడ్డుకు గనులు వచ్చాయి. బాయి లోపల పగలైనా రాత్రైనా ఒకటే చీకటి. ఊట నీళ్లు తోడే పంపు ఆగొద్దు, లోపలికి గాలి పంపే ఫ్యాను ఆగొద్దు. పైగా అంత ఖర్చు పెట్టి తవ్విన బాయిని ఒక్క పూటకే వాడితే కంపెనీకి గిట్టుబాటు కాదు. అందుకే రోజును మూడు ముక్కలు చేశారు. పొద్దున ఏడింటికి ఫస్ట్ షిఫ్టు, మధ్యాహ్నం మూడింటికి సెకండ్ షిఫ్టు, రాత్రి పదకొండింటికి నైట్ షిఫ్టు.

ఈ మూడు ముక్కల రోజుకు కొన్ని కాపలాలు ఉన్నాయి. ఒకటి సైరన్, షిఫ్టు మారిందని ఊరంతటికీ చెప్పేది. రెండోది మస్టర్, మనిషి పనిలోకి వచ్చాడని కాగితం మీద పడే గుర్తు. మూడోది చట్టం. 1952 గనుల చట్టం భూగర్భంలో ఒక మనిషితో రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలు మించి పని చేయించకూడదని చెప్పింది. వారానికి ఒక రోజు సెలవు. పరిమితి మించితే రెట్టింపు కూలి. ఇవన్నీ ఎవరో దయతలచి ఇచ్చినవి కావు, కార్మికులు కొట్లాడి తెచ్చుకున్నవి.

నాలుగో కాపలా ఏ చట్టంలోనూ లేదు. అది ఇంట్లో ఆడమనిషి. మా మామయ్య కోల్‌ఫిల్లర్‌గా చేశారు. మా అత్తమ్మకు గడియారం చూడడం రాదు. అయినా ఆయన ముప్పై ఏళ్ల సర్వీసులో షిఫ్టు టైంకు అన్నం అందలేదన్న మాట రాలేదని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఫస్ట్ షిఫ్టు వారం అంటే తెల్లవారుజామున నాలుగింటికే పొయ్యి వెలగాలి. సెకండ్ షిఫ్టు వారం రాత్రి పన్నెండు దాకా అన్నం వేడిగా ఉంచాలి. నైట్ షిఫ్టు వారమే అన్నిటికంటే కష్టం. ఆయన పగలు పడుకుంటే కిటికీకి పాత దుప్పటి కట్టేది. పచ్చళ్లు నూరడం, బట్టలు ఉతకడం లాంటి చప్పుడు పనులన్నీ ఆయన లేచాకే. పిల్లలను పక్క క్వార్టర్‌కు పంపేది. ఆ పక్కింటామె నైట్ షిఫ్టు వారం వస్తే వాళ్ల పిల్లలు మా ఇంటికి వచ్చేవాళ్లు. నల్లా వచ్చే టైం, బడి టైం, రేషన్ షాపు టైం, వీటన్నిటినీ వారానికోసారి మారే షిఫ్టుతో కలిపి లెక్క కట్టింది ఆమే. తండ్రీ కొడుకులు వేర్వేరు షిఫ్టుల్లో ఉన్న ఇళ్లలో అయితే ఇల్లాలికి రోజుకు మూడు వంటలు, మూడు నిద్రల కాపలా. ఆమె పేరున మాత్రం ఏ మస్టరూ పడలేదు.

ఆడవాళ్లకూ రాత్రికీ మధ్య చట్టం చాలాకాలం ఒక గోడ కట్టింది. మొదట్లో గనుల్లోకి ఆడవాళ్లూ దిగేవాళ్లు, మగవాళ్లు తవ్వితే వీళ్లు మోసేవాళ్లు. 1929లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం భూగర్భ గనుల నుంచి ఆడవాళ్లను దశలవారీగా తప్పించే నిబంధనలు తెచ్చింది. 1937 నాటికి పూర్తిగా ఆపేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో బొగ్గు సరిపోక 1943లో మళ్లీ దింపారు, యుద్ధం అయిపోయాక 1946లో మళ్లీ వద్దన్నారు. అవసరమైతే రా, తీరిపోతే పో అన్నట్టు. 1952 చట్టం భూగర్భంలో ఆడవాళ్లకు పనే వద్దంది, పైన కూడా పొద్దున ఆరు నుంచి రాత్రి ఏడు లోపలే అంది. ఫ్యాక్టరీల చట్టంలోనూ అలాంటి రాత్రి నిషేధమే ఉండేది, దాన్ని 2000లో మద్రాసు హైకోర్టు కొట్టేసింది. గనుల్లో 2019లో కేంద్ర ప్రభుత్వం సడలింపు ఇచ్చింది. ఓపెన్‌కాస్టుల్లో, ఉపరితలంలో రాత్రి పూట, భూగర్భంలో సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాల్లో పగటి పూట, వాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకుంటే పనిచేయవచ్చని అప్పుడు చెప్పింది.

అంత కాలం రాత్రి పని ఆడవాళ్లకు మంచిది కాదని చెప్పిన చట్టాలు, తెల్లవారుజామున నాలుగింటికి లేచి టిఫిన్ కట్టే ఆడమనిషిని రాత్రి పని చేస్తున్న మనిషిగా ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఈ అలవాటే ఇప్పుడు మన కూతుళ్ల మీదికి వచ్చింది.

దూరదేశాల టైం మన ఇళ్లలోకి ముందు గల్ఫ్ నుంచి వచ్చింది. 1970ల నుంచి మన పాత కరీంనగర్ జిల్లా మగవాళ్లు దుబాయి, సౌదీ బాట పట్టారు. దుబాయి మనకంటే గంటన్నర వెనక, సౌదీ రెండున్నర గంటలు వెనక. ఉత్తరాలు, క్యాసెట్లలో రికార్డు చేసి పంపిన మాటలు, తర్వాత ఎస్టీడీ బూతులు. రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గుతుందని బూతుల ముందు ఆడవాళ్లు చంటిపిల్లలను ఎత్తుకొని వరుసలో నిలబడ్డ రోజులు నాకు బాగా గుర్తు. అక్కడ అతను డ్యూటీ దిగే టైం ఏది, ఇక్కడ రేటు తగ్గే టైం ఏది, ఈ రెండూ కలిసే పావుగంట ఏది? బడి మొహం చూడని ఆడవాళ్లు కూడా ఈ లెక్క తప్పేవాళ్లు కాదు.

అమెరికా లెక్క దీనికంటే చాలా పెద్దది. న్యూజెర్సీ మనకంటే ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు వెనక. డాలస్ వాళ్లకు ఇంకో గంట కలపాలి, కాలిఫోర్నియాకు మూడు గంటలు కలపాలి. అక్కడి అత్తలూ కోడళ్లూ పండుగ తేదీ కోసం మనకు ఫోన్ చేస్తే మన క్యాలెండర్ చూసి చెప్పేస్తుంటాం. అన్నిసార్లూ అది సరిపోదు. ఉదాహరణకు పాడ్యమి మనకు సోమవారం పొద్దున పదింటికి మొదలై మంగళవారం తొమ్మిదింటికి ముగిసిందనుకోండి. సూర్యోదయానికి పాడ్యమి ఉన్నది మంగళవారం కాబట్టి మనకు ఉగాది మంగళవారం. అదే పాడ్యమి న్యూజెర్సీలో ఆదివారం అర్ధరాత్రి దాటాక పన్నెండున్నరకు మొదలై సోమవారం రాత్రి పదకొండున్నరకు ముగుస్తుంది. వాళ్ల సూర్యోదయానికి పాడ్యమి సోమవారమే ఉంది. కాబట్టి వాళ్ల ఉగాది మనకంటే ఒక రోజు ముందు. తిథి ఒకటే, సూర్యోదయాలు వేరు. అందుకే అక్కడివాళ్లకు అక్కడి పంచాంగం ఉంటుంది.

అన్నట్టు, అమెరికా వాళ్లు ఏడాదికి రెండుసార్లు గడియారం ఎందుకు తిప్పుతారో తెలుసా? దాని వెనక ఉన్నది బొగ్గే. మొదటి ప్రపంచ యుద్ధంలో దీపాలకు ఖర్చయ్యే బొగ్గు మిగుల్చుకోవాలని జర్మనీ 1916 ఏప్రిల్ 30న గడియారాలు గంట ముందుకు జరిపింది. మూడు వారాలకు బ్రిటన్, 1918లో అమెరికా అదే పని చేశాయి. మన దేశంలోనూ రెండో యుద్ధ కాలంలో, 1942 నుంచి 1945 దాకా, గడియారాన్ని గంట ముందుకు జరిపారు. యుద్ధంతో పాటు మన దగ్గర అది పోయింది, అమెరికాలో నిలిచిపోయింది. మార్చిలో రెండో ఆదివారం ముందుకు, నవంబరులో మొదటి ఆదివారం వెనక్కు. ఆ రెండు ఆదివారాలు దాటగానే ఇక్కడ మన పిల్లల షిఫ్టు ఒక గంట జరుగుతుంది, దాంతో ఇంటి వంట, నిద్ర అన్నీ జరుగుతాయి.

1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ వచ్చింది. వాళ్ల రాత్రి మనకు పగలు కావడమే ఇక్కడ వ్యాపారమైంది. వాళ్లు సాయంత్రం వదిలేసిన పని మనవాళ్లు పొద్దున అందుకుంటారు. వాళ్లతో మాట్లాడాల్సిన పనైతే మనవాళ్లే రాత్రి మేల్కొంటారు. మన గనిలో పంపు ఆగకూడదు, అక్కడ బ్యాంకు కంప్యూటర్ ఆగకూడదు, సూత్రం ఒకటే. ఆ రాత్రి పనికి ఆఫీసు ఉండేది, క్యాబ్ ఉండేది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి పిల్లలంతా ల్యాప్‌టాప్‌లతో ఇళ్లకు చేరారు. అదే ఏడాది నవంబరులో కేంద్ర టెలికాం శాఖ కాల్ సెంటర్ల వంటి సంస్థలకు ఇంటి నుంచి పనిచేసే నిబంధనలు సడలించింది. అలా నైట్ షిఫ్టు మన క్వార్టర్ల మూల గదిలోకి వచ్చి కూర్చుంది.

మా అక్క వాళ్లది యైటింక్లైన్ కాలనీ. కొడుకు సింగరేణిలోనే పని, కోడలు ఒక అమెరికా క్లయింటుకు ఇంటి నుంచి చేస్తుంది. సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లవారుజామున మూడున్నర దాకా, అంటే న్యూజెర్సీలో పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు. అతనికి నైట్ షిఫ్టు వారమైతే ఇంట్లో రెండు నైట్ షిఫ్టులన్నమాట. అతను పొద్దున ఏడున్నరకు వచ్చి స్నానం చేసి తిని పడుకుంటే మూడింటి దాకా ఆ గది వైపు ఎవరూ పోరు. ఆమె నాలుగింటికి కన్ను మూసి ఆరింటికి లేస్తుంది. బాబు బడికి పోవాలి, టిఫిన్ కావాలి, నల్లా వస్తుంది, భర్త వచ్చే టైంకు తిండి సిద్ధం కావాలి. పగలు పడుకుందామంటే ఎవరో ఒకరు వస్తారు. "ఇంట్లనే ఉంటది గదా" అన్నది అందరి నోటా ఒకటే మాట.

ఒకరోజు పొద్దున పొయ్యి మీద పాలు పెట్టి వంటింటి గోడకు ఆనుకొని నిలబడ్డ పిల్ల అలాగే కునికిపాట్లు పడింది. పాలు పొంగి మంట ఆరిపోయింది, గ్యాసు మాత్రం వస్తూనే ఉంది. పూజ గదిలో ఉన్న అక్కకు వాసన తగిలి పరుగెత్తుకొచ్చి సిలిండర్ కట్టేసింది, తలుపులు తీసింది. నయం, ఎవరూ లైటు స్విచ్చి మీద చెయ్యి వేయలేదు. ఆ రోజు అక్క కోడలిని ఒక్క మాట అనలేదు. "మీ బావ నైట్ షిఫ్టు చేసినప్పుడు ఆయన నిద్ర నేను కాసిన. ఈ పిల్ల నిద్ర ఎవరు కాస్తున్నరే?" అని నాతో అన్నది.

నిద్ర కథ ఏదో సుకుమారం మాట కాదు. మన ఒంట్లో ప్రతి కణానికీ ఒక లోపలి గడియారం ఉందని, అది ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకు ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు 2017లో వైద్యంలో నోబెల్ ఇచ్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ రాత్రి షిఫ్టు పనిని క్యాన్సర్‌కు కారణం కాగల వాటి జాబితాలో 2007లోనే పెట్టింది, 2019లో మళ్లీ చూసి అదే మాట చెప్పింది. నైట్ షిఫ్టు చేసేవాళ్లంతా భయపడి పని మానేయాలని దీని అర్థం కాదు. రాత్రి పోయిన నిద్రను పగలు తిరిగి ఇవ్వకపోతే ఒళ్లు ఆ లెక్క మరిచిపోదని అర్థం. బొగ్గు బాయి ఇళ్లలో మన అత్తలకు ఈ సైన్సు తెలియదు, అయినా కిటికీకి దుప్పటి కట్టారు.

తేడా ఎక్కడుందో ఇప్పుడు చూడండి. బాయి మనిషికి సైరన్ ఉంది, కాబట్టి ఊరికి తెలుసు. మస్టర్ ఉంది, కాబట్టి అది పని అని తెలుసు. గేటు ఉంది, కాబట్టి పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలుసు. ఇంట్లో ఆడమనిషి ఉంది, కాబట్టి నిద్ర దక్కింది. మూల గదిలో పనిచేసే ఆడపిల్లకు ఈ నాలుగింటిలో ఒక్కటీ లేదు. పైగా ఆ నాలుగో కాపలా పని కూడా ఆమె మీదే ఉంది. వేరే దేశం టైంకు పనిచేయడం కష్టమే, అయినా మన బెల్టుకు అది నూటముప్పై ఏళ్ల పాత విద్య. ఒకే ఒంటితో రెండు దేశాల పొద్దు మోయడం మాత్రం ఎవరికీ చేతకాదు.

అక్క ఆ తర్వాత చేసిందేమీ గొప్ప విషయం కాదు, మా అత్తమ్మ చేసిందే మళ్లీ చేసింది. వంటింటి గోడకు ఒక క్యాలెండర్ తగిలించి కొడుకు షిఫ్టు నీలం రంగులో, కోడలి షిఫ్టు ఎరుపు రంగులో రాసింది. మార్చి, నవంబరు ఆదివారాలకు సున్నా చుట్టింది. మూల గది కిటికీకి మందపు పరదా వేసింది. నాలుగింటి నుంచి పదకొండింటి దాకా కోడలు పడుకోవాలి, ఆ టైంలో ఆమె ఫోను అక్క దగ్గర. బాబు టిఫిన్, బడి అక్క చూస్తుంది. నైట్ షిఫ్టు లేని వారాల్లో కొడుకు చూస్తాడు. మొదట అతను గొణిగాడట. "మీ బాపు నిద్ర నేను ఇరవై ఎనిమిదేండ్లు కాసిన, నువ్వు నీ పెండ్లాం నిద్ర రెండు వారాలు కాయలేవా?" అని అక్క అడిగితే మళ్లీ మాట్లాడలేదు. ఆదివారం మధ్యాహ్నం ఒక్కటే ఇంటిల్లిపాదీ మేల్కొని ఉండే టైం. డబ్బు సంగతులు, పెళ్లి పేరంటాల సంగతులు అప్పుడే మాట్లాడుకోవాలని పెట్టుకున్నారు. ఇంటికి వచ్చినవాళ్లు కోడలేదని అడిగితే అక్క చెప్పే జవాబు ఒక్కటే: "నైట్ షిఫ్టు చేసొచ్చి పన్నది." ఈ మాట విన్నాక మా కాలనీల్లో ఇంకో ప్రశ్న వేసేవాళ్లు ఉండరు.

ఆ మాటలోనే కిటుకు ఉంది. "ఇంట్లో కంప్యూటర్ పని" అంటే ఎవరికీ పట్టదు, "నైట్ షిఫ్టు" అంటే ఊరికి అర్థమవుతుంది. మీ ఇంట్లోనూ అమెరికా టైంకో లండన్ టైంకో పనిచేసే అమ్మాయి ఉంటే ముందు ఆ పనికి దాని పేరు పెట్టండి. షిఫ్టు అనండి, టైం గోడ మీద రాయండి, ఆమె నిద్ర ఎవరు కాస్తారో ఇంట్లో తేల్చండి. సైరన్ కంపెనీలు మోగించేదాకా ఆగనక్కర్లేదు. పొద్దున పదింటికి తలుపు తట్టినవాళ్లకు నోటి మీద వేలు పెట్టి సైగ చేస్తే చాలు.